నాలుగు జానల పగులు

ఆ వానాకాలం మా ఇంట్లో గోడ సంగతి అందరికంటే ముందు తెలిసింది మా అమ్మాయికి. దానికి అప్పటికి ఐదేళ్లు నిండలేదు. ఇంట్లో గోడలు కట్టడమే వృత్తిగా బతికే మనిషి ఉన్నాడు, ఆ గోడల మధ్యే తల నెరిసిన మనిషి ఉంది, పొద్దస్తమానం ఆ గోడకే కుట్టుమిషను ఆనించుకుని కూర్చునే నేనున్నాను. మా ముగ్గురికీ తెలియనిది దానికి తెలిసింది. తెలిసి ఊరుకోలేదు, చెప్పింది కూడా. చెప్పినందుకు దానికి దక్కిందేమిటో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదలైంది మాత్రం గోడతో కాదు, బడితో. వానలు ఇంకా పట్టలేదు. బడి టీచరమ్మ మమ్మల్నిద్దరినీ రమ్మని కబురు పెట్టింది. పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టింది. తాపీమేస్త్రీ అయిన మా ఆయన ఆ కుర్చీలో గడ్డానికి మోకాళ్లు తగిలేలా కూర్చుని, శిక్ష పడ్డ కుర్రాడిలా బిక్కుబిక్కుమంటూ చూశాడు.

"మీ పాప నూరు వరకూ ఒంట్లు గడగడా అప్పజెబుతుంది," అంది టీచరమ్మ.

మా ఆయన మీసం మీదికి చెయ్యి వెళ్లింది.

"కానీ నాలుగు గింజలు ముందు పోసి ఎన్ని అని అడిగితే మళ్లీ నూరు వరకూ చెబుతుంది."

మీసం మీది చెయ్యి దిగింది. నాకు నవ్వొచ్చింది గానీ దగ్గులోకి మార్చుకున్నాను.

"ఇంట్లో రోజూ చదివిస్తూనే ఉన్నామండీ," అన్నాడు.

"చదివించకండి. మీ పనిలో కలుపుకోండి. అన్నాలప్పుడు కంచాలు పాపనే పెట్టమనండి, మనిషికొకటి. గుండీలు ఇచ్చి ఏరమనండి, పెద్దవొకచోట, చిన్నవొకచోట. ఏ గిన్నెలో ఎక్కువ నీళ్లు పడతాయో పోసి చూసుకోనివ్వండి. మంచం ఎన్ని జానలుందో, గది ఎన్ని అడుగులుందో తనే కొలుచుకోనివ్వండి. తప్పు చెబితే తప్పని కసరకండి. ఎలా వచ్చిందమ్మా అని అడగండి. అది చెబుతుంటే పాపకైనా తెలుస్తుంది, మీకైనా తెలుస్తుంది."

బయటికొచ్చాక మా ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓస్, ఇంతేనా! ఇదంతా మన చేతిలో పనే కదా. మేస్త్రీ కూతురికి, దర్జీ కూతురికి కొలతలు రాకపోతే ఇంకెవరికొస్తాయి?" అన్నాడు. ఆ రోజు ఆయన మాటలో గొప్ప ఉంది గానీ తప్పు లేదు.

నిజానికి ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో మంచి రోజులు. ఒక్కచోట నిలవని పిల్ల కాబట్టి దాన్ని మా అత్తగారు "మిడత" అని పిలిచేది. ఆ మిడత ఇప్పుడు కొలుస్తూ గెంతేది. జాన అంటే బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా అని వాళ్ల నాన్న నేర్పాడు. ఇక చూడాలి! తలుపు కొలిచింది, చెంబు కొలిచింది, నేను కుడుతుంటే నా వీపు కొలిచింది. నానమ్మ నిద్రపోతుంటే కాళ్ల నుంచి మొదలుపెట్టి కడుపు దాకా వచ్చేసరికి ఆవిడ లేచి "ఒసే, నాకు పాడె కట్టిస్తారా ఏమిటే!" అని గగ్గోలు పెట్టింది. కంచాలు పెట్టమంటే, నేను కొలతల కోసం పెట్టుకున్న కర్రబొమ్మకి కూడా ఒకటి పెట్టేది. "దానికి నోరు లేదు కదే" అంటే కాసేపు ఆలోచించి, "అయితే ఒకటి తియ్యాలి, అప్పుడు నాలుగు" అనేది. అదీ లెక్క! నూరు వరకూ అప్పజెప్పినప్పుడు కలగని ఆనందం నాకు ఆ ఒక్క మాటకి కలిగింది.

నా గుండీల డబ్బా దాని చేతిలో పడ్డాక ఇంట్లో ఏ మూల కాలు పెట్టినా గుండీలే. ఒకరోజు రెండు కుప్పలు చేసి, "ఇవెక్కువ, ఇవి తక్కువ" అంది. చూస్తే తక్కువ అన్న కుప్పే పెద్దగా ఉంది. నాలుక చివరిదాకా "తప్పు" అని వచ్చింది. టీచరమ్మ మాట గుర్తొచ్చి, "ఎలా తెలిసిందే?" అన్నాను. ఒక్కో గుండీ పక్కన ఒక్కో గుండీ జతగా పేర్చి చూపించింది. పెద్ద గుండీలు కాబట్టి కుప్ప పెద్దది, అంతే, లెక్కకి తక్కువే. బుర్ర గోక్కోవడం నా వంతైంది.

ఇక గోడ సంగతి.

ఆ ఎండాకాలమంతా మా ఆయన మేడ మీద గది లేపాడు. నాకు ఇంకో రెండు మిషన్లు వేసుకునే చోటు కావాలని. కూలీలెవరూ లేరు. బయట పని చూసుకుని వచ్చి, ఉన్న వెలుగులో తనే ఇటుక మోసి, తనే పేర్చి, తనే పూత పూశాడు. కింద పాత గోడ, మట్టితో కట్టిన గోడ. ఆ బరువుకి అది ఆగుతుందా అని వీధిలో ఒకళ్లిద్దరు నసిగారు. "ఈ వీధిలో సగం ఇళ్లు నా చేతి మీదుగా లేచాయి, నాకు చెప్పొచ్చారు" అన్నాడు. ఆ మాటా నిజమే. మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది: గోడల సంగతి ఆయనది, బట్టల సంగతి నాది. ఆయన చొక్కా ఎంత వదులుండాలో ఆయన చెప్పడు, గోడ ఎంత మందముండాలో నేను చెప్పను. ఆ మేడగది బరువంతా మోసే గోడ లోపలి గదిది. దానికి ఇవతల ముందు గదిలో నా మిషను, అవతల లోపలి గదిలో మంచం. ఆ మంచం మీద మా అత్తగారు, ఆవిడ పక్కలో మిడత పడుకునేవాళ్లు.

మొదటి పెద్ద వాన కురిసి వెలిసిన పొద్దున్న మిడత మంచం మీద నిలబడి కేకేసింది.

"అమ్మా! గోడకి గీత వచ్చింది!"

గోడలో దువ్వెనలు, మందుసీసాలు పెట్టుకునే గూడు ఉంది. ఆ గూడు మూల నుంచి పైకి, ఏటవాలుగా, వెంట్రుకంత పగులు. అది అప్పటికే జానలు వేసేసింది.

"నాలుగు జానలు," అంది.

మా ఆయన వచ్చి చూసి నవ్వాడు. "కొత్త బరువు కదా, గోడ సర్దుకుంటోంది. మనిషి మంచం మీద ఒత్తిగిల్లడూ, అలాగే." కూతుర్ని చంకనేసుకుని, "ఎన్ని జానలన్నావు?" అని మళ్లీ అడిగాడు.

"నాలుగు!"

"శభాష్! ఇదీ మేస్త్రీ కూతురంటే!"

అంతటితో ఊరుకుంటే ఎలా ఉండేదో. ఆయన ఊరుకోలేదు. ఎదురింటి డ్రైవరు టీ తాగడానికి వస్తే, "పగులెంతమ్మా?" అని కూతుర్ని పిలిచి అడిగాడు. "నాలుగు జానలు!" చప్పట్లు. ఇసుక బండి తోలే మనిషి వస్తే మళ్లీ అదే. "పగులెంత?" "నాలుగు!" చప్పట్లు. కొన్నాళ్లకి అది కొలత కాదు, ఒంట్లలాగే అప్పజెప్పే పాఠమైపోయింది. గోడ దగ్గరికి వెళ్లకుండానే నాలుగు అనేది. నాకు అది నచ్చలేదు. నచ్చలేదని ఆయనతో అంటే, "పిల్లకి సంబరంగా ఉంది, నీకేం నొప్పి?" అన్నాడు.

వానలు జోరందుకున్నాయి. బట్టలు ఆరడం లేదు. కుట్టిన గుడ్డ చేతికి చల్లగా, బరువుగా తగులుతోంది. ఒక పొద్దున్న లోపలి గది తలుపు మూసుకోలేదు. కింద రాసుకుంటోందనుకున్నాను. కాదు, పైన పట్టేసింది. "వానకి చెక్క ఉబ్బింది" అని మా ఆయన చిత్రికతో పైన కాస్త చెక్కాడు. రెండురోజులు బాగానే పడింది, మళ్లీ పట్టేసింది. మళ్లీ చెక్కాడు.

మంచం దుప్పటి దులిపితే సన్నగా, పిండిలాంటి మట్టి రాలేది. మా అత్తగారు రోజూ పొద్దున్నే దిండు దులుపుకునేది, ఏమీ అనేది కాదు. ఒకరోజు మాత్రం, "రాత్రి ఈ గోడ పళ్లు కొరుకుతోందే కోడలా" అంది.

"ఎలకలేమో అత్తయ్యా."

"ఎలకలు నాకు తెలియవూ? ఎలకలు కొరికితే తిండి కోసం కొరుకుతాయి. ఇది నిద్రలో కొరికినట్టు కొరుకుతోంది."

నవ్వుదామని చూశాను గానీ రాలేదు.

ఆ వారంలోనే ఒక సెలవురోజు. మా ఆయన ఇంట్లో ఉన్నాడు, గుమ్మంలో డ్రైవరు ఉన్నాడు. మామూలుగా, "మిడతా, పగులెంతో కొలిచి చెప్పమ్మా మామయ్యకి" అన్నాడు. ఈసారి కొలవమన్నాడు కాబట్టి అది బుద్ధిగా మంచం ఎక్కి కొలిచింది. చివరి జానకి కాలి మునివేళ్ల మీద లేవడం నేను చూశాను.

"ఐదు," అంది.

చప్పట్లు పడలేదు. డ్రైవరు నావైపు చూశాడు. మా ఆయన నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు.

"తప్పు. సరిగ్గా కొలువు."

మళ్లీ కొలిచింది. "ఐదే నాన్నా."

"ఎన్నిసార్లు కొలిచావే ఇదే గోడ? నాలుగు కదా?"

నేను ఉండబట్టలేక, "ఎలా వచ్చిందో అడగండి. టీచరమ్మ ఏం చెప్పింది?" అన్నాను.

"టీచరమ్మ కంచాల లెక్క చెప్పింది. ఇది కొలత. కొలతలో పొరపాటు అలవాటైతే మనిషి జన్మంతా వంకరే." ఆయన మంచం ఎక్కాడు. దాని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "వేళ్లు బాగా చాచాలి. ఇలా. ఇంకా. ఇదీ జాన అంటే." ఆ చిన్న వేళ్లని ఒక్కొక్కటీ లాగి, గోడకి అదిమిపెట్టి వేశాడు. ఒకటి. రెండు. మూడు. దాని బొటనవేలి పక్క చర్మం తెల్లగా పాలిపోవడం కింద నుంచి నాకు కనిపిస్తోంది. "నాలుగు. చూశావా? ఇప్పుడెన్ని?"

అది గోడవైపు చూడలేదు. వాళ్ల నాన్న ముఖంలోకి చూసింది.

"నాలుగు," అంది.

"శభాష్," అన్నాడు మా ఆయన. డ్రైవరు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయాడు. మిడత మంచం దిగి, చెయ్యి చంకలో పెట్టుకుని, నానమ్మ ఒళ్లోకి వెళ్లి ముడుచుకుంది.

మా అత్తగారు కొడుకుని ఎగాదిగా చూసింది. "చిన్నప్పటి నుంచీ నీది ఇదే వరసరా. నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు."

"నీకు తెలియదులే అమ్మా," అని ఆయన బయటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం పగుల్లో సున్నం, సిమెంటు కలిపి కూరి, పైన రెండు పూతలు వెల్ల వేశాడు. గోడ తెల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకి ఏమీ తెలియక కాదు. తెలిసినదాన్ని తన దగ్గరికి రానివ్వడం లేదు. ఆ గది ఆయన ఎండాకాలమంతా చెమటోడ్చి కట్టింది, నా కోసం కట్టింది. అది తప్పని ఒప్పుకుంటే ఈ వీధిలో ఇక ఎవరి ఇటుక మీదా ఆయన ఇటుక పెట్టలేడు. ఆ పట్టుదలంతా ఒక చిన్నపిల్ల వేళ్ల మీదికి వచ్చింది.

నేను ఆ మాట ఆయనతో అన్నాను. "పిల్లని మన గదిలో పడుకోబెట్టుకుంటాను. అత్తయ్యని కూడా" అన్నాను. "నా ఇంట్లో నా గోడ పక్కన నా తల్లి పడుకోకూడదా? వీధిలో వాళ్లు చాలరా, నువ్వు కూడానా?" అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. మా అత్తగారు కూడా మంచం మీంచే, "నేనెక్కడికీ కదలను" అంది. మిడత ఆవిడ చెయ్యి వదలనంది. వాన మోతలో ఆ గొడవ అలా సమసిపోయింది.

తర్వాత వచ్చింది ముసురు. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియని రోజులు. ఒక మధ్యాహ్నం ఎదురింటి డ్రైవరు భార్య రవిక కొలతకి వచ్చి, వాన తగ్గేదాకా కూర్చుంది. లోపలి గదిలో మిడత ఒక్కతే ఆడుకుంటోంది. అత్తగారు వంటింట్లో పొయ్యి దగ్గర చలి కాచుకుంటోంది.

"ఏమే మిడతా, మీ గోడ పగులెంతే?" అని డ్రైవరు భార్య ఇక్కడి నుంచే సరదాకి అడిగింది.

"నాలుగు!" లోపల నుంచి జవాబు.

"ముద్దొస్తుంది వదినా మీ పిల్ల," అంది ఆవిడ.

నేను టేపు మెడలో వేసుకుని, కత్తెర కోసం లోపలికి వెళ్లాను. అక్కడ చూసింది నేను జన్మలో మరచిపోను.

మంచం మీద స్టూలు వేసుకుంది. స్టూలు మీద నిలబడింది. తెల్లటి వెల్లని చీల్చుకుని పగులు మళ్లీ వచ్చింది, ఈసారి వెంట్రుకలా కాదు. గూడు మూల నుంచి దాదాపు కప్పుదాకా పాకింది. మిడత ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి తలకి పైన చాచి, ఊపిరి బిగబట్టి జాన వేస్తోంది. పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు.

నేను పరుగున వెళ్లి దాని నడుం పట్టుకున్నాను. అరిస్తే పడుతుందని మెల్లగా అడిగాను.

"ఎన్నొచ్చాయే?"

"నాలుగు."

"మరి స్టూలెందుకు?"

"పైన అందట్లేదమ్మా."

"నాలుగైతే మంచం మీంచే అందేది కదా తల్లీ. నిజంగా ఎన్నొచ్చాయి?"

అది వంటింటివైపు చూసింది, వీధిగుమ్మంవైపు చూసింది. వాళ్ల నాన్న ఎక్కడా లేడని నమ్మకం కలిగాక నా చెవి దగ్గరికి వచ్చింది.

"లోపలికైతే ఏడు. పైకి నాలుగు," అంది గుసగుసగా.

"లోపలికి ఏమిటే?"

"లోపలికంటే నాకు. పైకంటే నాన్నకి."

దాన్ని ఎత్తుకుని ముందు గదిలోకి వచ్చేశాను. అన్నీ నేర్చుకుంది. కొలవడం నేర్చుకుంది, దాచడం కూడా నేర్చుకుంది. దేనికి ఎక్కువ భయపడాలో నాకు తెలియలేదు. డ్రైవరు భార్య ఏమైందని అడిగేలోపే దాన్ని ఆవిడ ఒళ్లో పెట్టి, "వదినా, కాసేపు మీ ఇంట్లో ఉంచుకో" అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. నేను అత్తగారి దగ్గరికి వెళ్లాను.

"అత్తయ్యా, లేవండి. ఎదురింటికి వెళదాం."

"ఎందుకు?"

"గోడ బాగాలేదు."

ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "నాకు తెలియదా ఏమిటే? దాని పక్కన పడుకునేది నేను," అంది. "నేను పక్క చుట్టుకుని వీధి దాటితే, మేస్త్రీ తల్లే వాడి గోడని నమ్మలేదంటారు. వాడికి ఆ తర్వాత పని ఎవరిస్తారు? నా వయసుకి గోడ పడ్డా ఒకటే, జ్వరం వచ్చినా ఒకటే. పిల్లని తీసుకెళ్లావు కదా, చాలు."

కొడుకుని నోటికొచ్చినట్టు దులిపే మనిషి. కడుపులో ఇంత ఉందని నేను అనుకోలేదు. నేను లాగాను, బతిమాలాను, తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆవిడ వంటింట్లోంచి లేచి, నాకు చూపించడానికే అన్నట్టు వెళ్లి ఆ మంచం మీదే పడుకుంది.

సాయంత్రం ఆయన తడిసి వచ్చాడు. తల తుడుచుకోనివ్వలేదు.

"గోడ ఏడు జానలకి వచ్చింది," అన్నాను.

"మళ్లీ మొదలుపెట్టావా? ఎవరు చెప్పారు?"

"మీ కూతురు."

"దాని చెయ్యి ఒక కొలతబద్దా? ఎదిగే పిల్ల. ఇవాళ ఉన్న చెయ్యి రేపు ఉండదు."

అప్పుడు నేను అన్న మాట ముందుగా అనుకుని అన్నది కాదు. బట్టలు కుట్టేదాన్ని, పిల్లల ఒళ్లు ఏటేటా కొలిచేదాన్ని, అలా నోటికొచ్చింది.

"నిజమే, ఎదిగే చెయ్యే. ఎదిగే చేతికి జానలు తగ్గాలి కదండీ. పెరిగాయేం?"

ఆయన తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఎన్ని గోడలు కొలిచిన మనిషి! ఈ లెక్కని ఎటు తిప్పినా ఒకటే జవాబని ఆయనకి నాకంటే ముందే తెలిసిపోయి ఉంటుంది.

లోపలి గదిలోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. గోడ మీద అరచెయ్యి పెట్టాడు, జ్వరం చూసినట్టు. తర్వాత పగుల్లో బొటనవేలు పెట్టాడు. వేలు కణుపు దాకా లోపలికి వెళ్లింది. వేలు తీశాక దాని వెనకే కాస్త మట్టి బొరబొరమని రాలి మా అత్తగారి దుప్పటి మీద పడింది. ఆవిడ కళ్లు తెరిచే ఉంది.

"అమ్మా, లే," అన్నాడు.

"నేను బాగానే ఉన్నానురా."

"లే అమ్మా."

"వీధిలో అందరూ ఉంటారురా ఈ వేళప్పుడు."

వంగి ఆవిడని వీపు మీదికి ఎక్కించుకున్నాడు. వానలో వీధి దాటాడు. అరుగుల మీద మనుషులున్నారు, కిటికీల్లో మనుషులున్నారు. ఒకరూ పలకరించలేదు. డ్రైవరు గుమ్మంలో తల్లిని దింపి, అందరికీ వినబడేలా, "గోడ బాగాలేదు. రెండురోజులు ఉండనివ్వండి," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత ఖర్చయిపోయాడో ఆయన భుజాలు చూస్తే తెలిసింది. అప్పటిదాకా ఆయన మీదున్న కోపం నాకు ఆ క్షణంలో సగం పోయింది. సగం ఇప్పటికీ ఉంది.

గోడ మర్నాడు మధ్యాహ్నం పడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు, వీధి చివర ఎవరో బస్తా దింపినట్టుంది. మేడ మీద గది గదిగానే కిందికి దిగి, మంచం మీద కూర్చుంది. ఆ వేళప్పుడు రోజూ మా అత్తగారు, మిడత భోంచేసి అక్కడే ఒక కునుకు తీసేవాళ్లు. వీధి వీధంతా వచ్చి చూసి, "మంచి పని చేశావు మేస్త్రీ, ముందే కనిపెట్టావు" అన్నారు. ఆయన తల దించుకుని ఇటుక మీద ఇటుక తీస్తూనే ఉన్నాడు.

వానలు వెనకబట్టాక ఆ శిథిలాల్లో అసలు పని మొదలైంది. మేం వేరే చోట అద్దెగదిలో ఉంటూ పొద్దున్నే అక్కడికి వచ్చేవాళ్లం. ఆయన పగిలిన ఇటుకలు ఒకవైపు, బాగున్నవి ఒకవైపు వేస్తున్నాడు. నేను మట్టిలోంచి మిషను సామాన్లు ఏరుతున్నాను. ఆ రోజుల్లో మిడత వాళ్ల నాన్న దగ్గరికి పిలిస్తేనే వెళ్లేది. పిలిస్తే మాత్రం వెంటనే వెళ్లేది, అది ఇంకా బాధగా ఉండేది. గోడ పడిందని దానికి భయం లేదు. నానమ్మ బతికింది, అమ్మ బతికింది, దానికి అంతే. అది ఏమీ కొలవడం లేదని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. కంచాలు పెట్టమంటే అన్నీ తెచ్చి కుప్పగా పెట్టేసేది.

ఒక పొద్దున్న ఎండ బాగా కాసింది. మా ఆయన ఒక వరస మంచి ఇటుకలు పేర్చి, నుదుటి చెమట తుడుచుకుని, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. చాలా మెల్లగా పిలిచాడు.

"మిడతా, ఇలా రామ్మా. మంచి ఇటుకలు ఎన్నున్నాయో నాకు చెబుతావా?"

అది వచ్చింది. ఒక్కో ఇటుక మీదా వేలు పెట్టింది. మొదటిదాని నుంచి చివరిదాని దాకా, ఏదీ వదల్లేదు, దేన్నీ రెండుసార్లు ముట్టలేదు. పెదవులు కదిలాయి. లెక్క అయిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. నేను చేతిలో పని ఆపేశాను.

అది ఇటుకల వైపు చూడటం మానేసి, వాళ్ల నాన్న ముఖంలోకి చూసింది.

"నీకెన్ని కావాలి నాన్నా?"

ఆయన చేతుల దుమ్ము తుడుచుకున్నాడు. "ఎన్నుంటే అన్ని తల్లీ," అన్నాడు.

అది నమ్మలేదు. ఆయన కనుబొమలు చూసింది, మీసం చూసింది, పెదవులు చూసింది. అక్కడ దొరకక నావైపు తిరిగి నా ముఖంలో వెతకసాగింది. మేమిద్దరం ఒకరికొకరు చెప్పుకోకుండానే తలలు దించేసి, ఎండలో ఆ ఇటుకల వైపే చూస్తూ కూర్చున్నాం.